యూకేలో సెకండ్ హ్యాండ్ కారు: ఏ మోడల్ ఎంఓటీ గట్టెక్కుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

యూకేకి చదువు కోసమో ఉద్యోగం కోసమో వచ్చిన తెలుగువాళ్లు మొదటి చలికాలం బస్టాపుల్లో గడిపాక కారు కోసం వెతకడం మొదలుపెడతారు. లెస్టర్‌లో అయినా, కోవెంట్రీలో అయినా, ల్యూటన్‌లో అయినా వాట్సాప్ గ్రూపులో పడే ప్రశ్న ఒకటే: "ఎంఓటీలో ఇబ్బంది పెట్టని మోడల్ చెప్పండి అన్నా." ఆ ప్రశ్నకీ, దాని వెనకే వచ్చే మిగతా ప్రశ్నలకీ ఇవి జవాబులు. ఇక్కడ చెప్పిన నియమాలు ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌కు వర్తిస్తాయి. నార్తర్న్ ఐర్లాండ్ సంగతి వేరేగా ఉంది.

ఎంఓటీ అంటే ఏమిటి? మన దగ్గర చేయించే ఫిట్‌నెస్ లాంటిదేనా?

కారు రోడ్డెక్కడానికి భద్రంగా ఉందా, పొగ పరిమితిలోనే ఉందా అని ఏడాదికోసారి చేసే తనిఖీ ఇది. ఎర్నెస్ట్ మార్పుల్స్ రవాణా మంత్రిగా ఉండగా 1960లో మొదలైంది. మొదట్లో పదేళ్లు నిండిన కార్లకే ఉండేది, అదీ బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ వరకే. ఫెయిలయ్యే కార్లు మరీ ఎక్కువగా కనిపించడంతో మరుసటి ఏడాదే ఆ వయసును ఏడేళ్లకు, 1967లో మూడేళ్లకు తగ్గించారు. ఇప్పటికీ అదే పద్ధతి. మూడేళ్లు నిండగానే మొదటి ఎంఓటీ, ఆ తర్వాత ఏటా.

ఆంధ్రాలోనో తెలంగాణలోనో కారు నడిపి వచ్చినవాళ్లకు ఇది కొత్తగా ఉంటుంది. అక్కడ సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఈలోగా పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక్కటి ఉంటే చాలు, కారు కిందికి తొంగిచూసి బ్రేకు పైపు తుప్పు పట్టిందా అని అడిగేవాళ్లుండరు. ఫిట్‌నెస్ అంటే లారీలకో, ఆటోలకో, స్కూలు బస్సులకో సంబంధించిన మాట. ఇక్కడ మాత్రం మూడేళ్లు దాటిన ప్రతి కారూ ఏటా లిఫ్ట్ ఎక్కాల్సిందే. అందుకే "నడుస్తోంది కదా, ఇప్పుడేం అవసరం" అనే అలవాటు ఇక్కడ బాగా ఖర్చు పెట్టిస్తుంది.

మోడల్ వారీగా పాస్, ఫెయిల్ లెక్కలు నిజంగా ఉన్నాయా? ఎవరు చెబుతారు?

ఉన్నాయి. తనిఖీ చేసేది ప్రైవేటు గ్యారేజీలే అయినా, ప్రతి ఫలితమూ డీవీఎస్ఏ అనే ప్రభుత్వ సంస్థ కంప్యూటర్లోకి చేరుతుంది. ఏటా సుమారు మూడు కోట్ల కార్ల సంగతి అది. నంబర్ ప్లేట్లు తీసేసి మోడల్, తయారైన కాలం, ఇంధనం, అప్పటికి తిరిగిన మైళ్లు, ఏ పోస్ట్‌కోడ్ ప్రాంతంలో తనిఖీ జరిగింది, పాసా ఫెయిలా అన్న వివరాలను ప్రభుత్వమే బయట పెడుతుంది. ఇంటర్నెట్‌లో "ఎంఓటీ పాస్ రేటు" అని కనిపించే పట్టికలన్నీ దాదాపుగా ఈ డేటా నుంచి తీసినవే.

ఈ లెక్కలు జనం చేతికి అంత తేలిగ్గా రాలేదు. మోడల్ వారీ ఫలితాలు ఇవ్వాలని సమాచార హక్కు చట్టం కింద బీబీసీ చాలాకాలం పోరాడితే 2010 జనవరిలో బయటికొచ్చాయి. మూడేళ్ల వయసున్న కార్లలో రెనో మెగాన్ సుమారు 28 శాతం, టయోటా కరోలా సుమారు 11 శాతం ఫెయిలైనట్టు అప్పుడు తేలింది. ఒకే వయసు, ఒకే దేశం, ఒకే రకం రోడ్లు, అయినా రెండున్నర రెట్ల తేడా. మోడల్‌ను బట్టి ఫలితం మారుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అయితే పాస్ శాతం ఎక్కువున్న మోడల్ చూసుకుని కొంటే సరిపోతుందా?

సరిపోదు. ఈ పేజీలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయమే. పాస్ శాతం కారు గురించి ఎంత చెబుతుందో, ఆ కారు కొనే మనుషుల గురించీ అంతే చెబుతుంది.

టయోటా అయ్‌గో, సిట్రోయెన్ సీ1, పూజో 107 అనే మూడు చిన్న కార్లున్నాయి. మూడూ చెక్ రిపబ్లిక్‌లోని కొలీన్ ఫ్యాక్టరీలో 2005 నుంచి ఒకే లైన్ మీద తయారయ్యాయి. ముందు బంపర్, లైట్లు, బ్యాడ్జీ లాంటివి తప్ప లోపల కారు ఒక్కటే. ఒకే ఏడాదివి, ఇంచుమించు ఒకే మైళ్లు తిరిగినవి తీసుకుని ఈ మూడింటి ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. వాటి మధ్య ఏ కాస్త తేడా కనిపించినా అందులో ఇనుము తప్పేమీ ఉండదు. ఎవరు నడిపారు, ఎంత శ్రద్ధగా సర్వీసు చేయించారు అన్నదే ఆ తేడా. ఫోక్స్‌వ్యాగన్ అప్, స్కోడా సిటీగో, సియాట్ మీ కూడా ఇలాంటి ముగ్గురు అన్నదమ్ములే. ఒక పట్టిక ఎంతవరకు నమ్మదగినదో తెలుసుకోవాలంటే ముందు ఈ కార్ల వరసలు చూడటం నాకు అలవాటు.

రెండో చివర పోర్షే 911 ఉంటుంది. పాస్ శాతంలో అది ఎప్పుడూ పైవరసే. ఎండాకాలం వారాంతాల్లో బయటికి తీసి, మిగతా రోజులు గ్యారేజీలో కప్పి ఉంచే కారు ఫెయిలవకపోవడంలో ఆశ్చర్యమేముంది? అదే టయోటా ప్రియస్‌ను చూడండి. వాటిలో చాలా కార్లు ట్యాక్సీలుగా తిరిగి లక్షా యాభై వేల మైళ్లు దాటినవి. ట్యాక్సీ లెక్కలు కలిసిపోయిన శాతాన్ని చూసి ప్రియస్ బలహీనమైన కారు అనుకుంటే పొరపాటు.

ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి వయసు. పన్నెండేళ్ల కార్ల లెక్కల్లోకి ఇంకా బతికున్న కార్లే వస్తాయి. తుప్పుతో తుక్కుకు వెళ్లిపోయినవి ఫెయిల్ లెక్కలో కూడా ఉండవు. కాబట్టి బాగా పాతబడిన మోడళ్ల శాతం ఒక్కోసారి ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. రెండోది 2020. ఆ ఏడాది మార్చి 30 నుంచి జులై ఆఖరు వరకు గడువు తీరాల్సిన కార్లకు కరోనా వల్ల ఆరు నెలలు పొడిగింపు ఇచ్చారు. ఆ సంవత్సరం అంకెలను మిగతా సంవత్సరాలతో నేరుగా పోల్చకూడదు.

మొత్తం మీద ఎన్ని కార్లు ఫెయిలవుతాయి? ఎందుకు?

ఇటీవలి సంవత్సరాల్లో మొదటి ప్రయత్నంలో ఫెయిలయ్యే కార్లు వందకు 28 నుంచి 30. 2013–14 ప్రాంతంలో ఇది 35 దాటి ఉండేది.

కారణాల్లో ముందుండేది లైట్లు. ఆ తర్వాత సస్పెన్షన్, బ్రేకులు, టైర్లు, ఇంకా ముందు అద్దం, వైపర్లు. అంటే ఫెయిలయ్యే కార్లలో చాలావాటికి ఇంటి ముందే పది నిమిషాల్లో సరిచేసుకోగల లోపాలే ఉంటాయి. వెనక నంబర్ ప్లేటు మీద వెలిగే చిన్న బల్బు పోయినా ఫెయిలే. వాషర్ నీళ్లు అయిపోయినా ఫెయిలే. వీటిని మోడల్ ఖాతాలో వేయడం న్యాయం కాదు.

మరి మోడల్ తప్పు అనదగినవి ఏవి?

ఫెయిలైన కారణాల జాబితాను రెండుగా విడగొట్టి చూడండి. బల్బు, టైరు అరుగుదల, వైపర్ బ్లేడు, వాషర్ నీళ్లు, పలిగిన నంబర్ ప్లేటు: ఇవన్నీ యజమాని అశ్రద్ధ. కాయిల్ స్ప్రింగ్ విరగడం, సస్పెన్షన్ బుష్‌లు వదులవడం, బాల్ జాయింట్లు, బ్రేకు పైపుల తుప్పు, తలుపుల కింది సిల్లు తుప్పు, ఎయిర్‌బ్యాగ్ లైటు, ఇంజిన్ లైటు: ఇవి మళ్లీ మళ్లీ వస్తుంటే అక్కడ మోడల్ మాట్లాడుతోందని అర్థం.

ఫోర్డ్ ఫియస్టాను తీసుకోండి. 2009 నుంచి 2020 వరకు ఈ దేశంలో ఏటా అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన కారు అది. విడిభాగాలు ఏ వీధిలోనైనా దొరుకుతాయి, బాగుచేయని మెకానిక్ ఉండడు. వయసొచ్చాక ముందు కాయిల్ స్ప్రింగ్‌లు విరగడం, యాంటీ రోల్ బార్ లింకులు కొట్టుకోవడం గ్యారేజీలు రోజూ చూసేవే. వాక్స్‌హాల్ కోర్సాదీ ఇదే కథ. స్పీడ్ బ్రేకర్లు, గుంతలు, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కలిసి స్ప్రింగులను తినేస్తాయి. ఇది భయపడాల్సిన జబ్బు కాదు. ఒక రోజు పని, భరించగలిగిన ఖర్చు.

తుప్పు అలా కాదు. 1996–2008 మధ్య వచ్చిన పాత ఫోర్డ్ కా, పాత మాజ్డా ఎంఎక్స్-5 లాంటి కార్లలో తలుపుల కింద ఉండే సిల్లు లోపలి నుంచి తినుకుపోతాయి. పైన పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది. కింద మెకానిక్ వేలితో నొక్కితే చిల్లు పడుతుంది. వెల్డింగ్ బిల్లు కారు ధరను మించిపోవచ్చు. బల్బుల వల్ల మూడుసార్లు ఫెయిలైన కారును నేను నిశ్చింతగా సిఫారసు చేస్తాను. తుప్పు వల్ల ఒక్కసారి ఫెయిలైన కారును చేయను.

మొదటి కారుగా హోండా జాజ్, టయోటా యారిస్, హ్యుందాయ్ ఐ10, కియా పికాంటో అడిగేవాళ్లకు నేను అడ్డు చెప్పను. కట్టడం సాదాగా ఉంటుంది, చిన్న ఇంజిన్, ఇన్సూరెన్స్ తక్కువ ఖర్చయ్యే గ్రూపుల్లో ఉంటుంది. పైగా ఇలాంటి కార్లను చాలామంది పెద్దవాళ్లు కొని మెల్లగా నడిపి, తేదీ తప్పకుండా సర్వీసు చేయిస్తారు. ఆ శ్రద్ధ కూడా మీకు దక్కుతుంది. ఒక్క జాగ్రత్త: జాజ్, టయోటా హైబ్రిడ్‌ల కింద ఉండి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను దొంగలు కోసుకుపోవడం ఇక్కడ మామూలైపోయింది. అది లేని కారు ఎంఓటీ పాసవదు. స్టార్ట్ చేయగానే ట్రాక్టర్‌లా మోత వినిపిస్తే కిందికి వంగి చూడండి.

ఎంఓటీ పాసైందంటే ఇంజిన్ బాగున్నట్టేనా?

కాదు. ఎంఓటీలో ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్‌ల స్థితిని పరీక్షించరు. పొగ కొలుస్తారు, కారుతున్న నూనె ప్రమాదకరంగా ఉందా అని చూస్తారు, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ హెచ్చరిక లైటు వెలుగుతోందా అని చూస్తారు. అంతకుమించి లోపలికి వెళ్లరు.

దీనికి మంచి ఉదాహరణ మళ్లీ ఫియస్టానే. 2012 నుంచి చాలా ఫియస్టాలు, ఫోకస్‌లలో వచ్చిన 1.0 ఎకోబూస్ట్ ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. బెల్టు పాతబడినా, సరైన ఆయిల్ వేయకపోయినా దాని పొట్టు రాలి ఆయిల్ దారిని మూసేస్తుంది. ఇంజిన్ మొత్తం పోతుంది. పూజో, సిట్రోయెన్‌లలోని 1.2 ప్యూర్‌టెక్ ఇంజిన్‌దీ ఇదే బాధ. ఇలాంటి కారు సోమవారం ఒక్క అడ్వైజరీ (పాసైనా రాసే హెచ్చరిక) కూడా లేకుండా ఎంఓటీ పాసై, గురువారం మోటార్‌వే మీద ఆగిపోవచ్చు. ఎంఓటీ చేసినవాళ్ల తప్పు అందులో ఏమీ లేదు. కాబట్టి ఈ ఇంజిన్లున్న కారు కొనేటప్పుడు ఎంఓటీ కాగితం కంటే సర్వీసు బిల్లులు అడగండి: ఏ ఆయిల్ వేశారు, బెల్టు మార్చారా, ఎప్పుడు.

గేర్‌బాక్స్ విషయమూ అంతే. ఆటోమేటిక్ అయితే కారు చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి నడిపి చూడాలి.

నేను చూస్తున్న కారు చరిత్ర తెలుసుకోవడం ఎలా?

ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడవచ్చు. నంబర్ ప్లేటు ఉంటే చాలు. 2005 నుంచి జరిగిన ప్రతి ఎంఓటీ కనిపిస్తుంది: తేదీ, అప్పటికి తిరిగిన మైళ్లు, పాసా ఫెయిలా, ఫెయిలైతే కారణాలు, పాసైనా రాసిన హెచ్చరికలు. తనిఖీ ఏ గ్యారేజీలో జరిగిందో చూడాలంటే మాత్రం వీ5సీ లాగ్‌బుక్ (కారు రిజిస్ట్రేషన్ పత్రం) మీద ఉండే నంబరు కావాలి. మోడల్ పట్టికలు పది చూసేకంటే ఈ ఒక్క పేజీని పది నిమిషాలు నిదానంగా చదవడం మేలు. కారు చూడటానికి రైలు టికెట్ కొనకముందే ఇది చూసుకోవాలి.

ఎలా చదవాలంటే, పై నుంచి కాకుండా కింద నుంచి, అంటే పాత తేదీ నుంచి కొత్త తేదీకి రండి.

మొదట మైళ్ల అంకెలు చూడండి. ఏటా ఏడెనిమిది వేలు పెరుగుతూ వచ్చిన అంకె ఒక ఏడాది ఉన్నట్టుండి తగ్గితే మీటరు తిప్పి ఉండవచ్చు. ఒక్క ఏడాది మాత్రమే పొంతన లేని అంకె ఉండి, మరుసటి ఏడాది మళ్లీ పాత వరసలోకి వస్తే అది టైప్ చేసేటప్పుడు జరిగిన పొరపాటు కావచ్చు. తగ్గి, ఆ తగ్గిన చోటి నుంచే మళ్లీ పెరుగుతూ వస్తే మాత్రం ఆ కారును వదిలేయండి.

తర్వాత అడ్వైజరీలు. ఈ పేజీలో అసలు విషయం వాటిలోనే ఉంటుంది. ఒక ఏడాది "ముందు టైర్లు పరిమితికి దగ్గరగా అరిగాయి" అని రాశారనుకోండి. మరుసటి ఏడాది అది కనిపించకపోతే మార్పించారని అర్థం. అదే మాట మరుసటి ఏడాది ఫెయిల్ కారణంగా తిరిగొస్తే, చెప్పినా వినని యజమాని అని అర్థం. రెండేళ్లపాటు "బ్రేకు పైపుల మీద తుప్పు" అని అడ్వైజరీ వచ్చి, మూడో ఏడు ఏమీ లేకుండా శుభ్రంగా పాసైతే, పైపులు మార్చిన బిల్లు చూపించమని అడగండి. బిల్లు లేకపోతే ఆ తుప్పు ఎటు పోయినట్టు?

తేదీల మధ్య ఖాళీలనూ గమనించాలి. ఏడాదిన్నర, రెండేళ్లు ఎంఓటీ లేకపోతే కారు ఎక్కడో కదలకుండా నిలబడి ఉండాలి. నిలబడ్డ కారులో బ్రేకులు పట్టేస్తాయి, టైర్లు పాడవుతాయి.

ఒకే రోజు ఫెయిల్, ఆ వెంటనే పాస్ కనిపిస్తే కంగారు పడకండి. చిన్న లోపాన్ని గ్యారేజీ గంటలోపే సరిచేసి పాస్ చేస్తే రికార్డులో అలాగే పడుతుంది. చాలావరకు అది బల్బో వైపరో అయి ఉంటుంది.

ఈ పేజీలో కనిపించనివి ఏవి?

కారు ఎప్పుడైనా యాక్సిడెంట్‌లో పడి ఇన్సూరెన్స్ కంపెనీ వదిలేసిందా, అంటే కేటగిరీ ఎస్, కేటగిరీ ఎన్ లాంటి ముద్ర ఉందా అన్నది ఎంఓటీ చరిత్రలో ఉండదు. కారు మీద ఇంకా తీరని ఫైనాన్స్ ఉందా అన్నదీ ఉండదు. వాటికి డబ్బు కట్టి వేరే చెక్ చేయించాలి. అక్కడ పొదుపు చూడకండి. అప్పు తీరని కారు కొంటే ఫైనాన్స్ కంపెనీ వచ్చి తీసుకెళ్లిపోగలదు.

రీకాల్ (లోపం ఉందని కంపెనీయే కార్లను వెనక్కి పిలవడం) సంగతి కూడా వేరుగా చూసుకోవాలి. 2025 జూన్‌లో ఎయిర్‌బ్యాగుల ప్రమాదం వల్ల పాత సిట్రోయెన్ సీ3, డీఎస్3 కార్లను వెంటనే నడపడం ఆపేయమని కంపెనీయే చెప్పింది. అందులో ఎన్నో కార్లకు చెల్లే ఎంఓటీ ఉంది.

అమ్మే అతను "ఏడాది ఫ్రెష్ ఎంఓటీ ఉంది" అంటున్నాడు. ధైర్యంగా తీసుకోవచ్చా?

అది తనిఖీ జరిగిన రోజున కారు కనీస ప్రమాణం అందుకుందని చెప్పే కాగితం. ఏడాదికి గ్యారంటీ కాదు. నాకైతే అమ్మకానికి రెండు రోజుల ముందు చేయించిన ఎంఓటీ కంటే, ఐదు నెలల కిందట యజమాని తన అవసరం కోసం తాను చేయించుకున్న ఎంఓటీ మీదే నమ్మకం ఎక్కువ. కొత్త ఎంఓటీ ఉంటే, అంతకు ముందు ఏడాది ఉన్న అడ్వైజరీలన్నీ ఇందులో మాయమయ్యాయా అని చూడండి. మాయమైతే బిల్లులు అడగండి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లు తేలిగ్గా పాసవుతాయా?

ఎలక్ట్రిక్ కారుకు పొగ పరీక్ష ఉండదు కాబట్టి ఒక అడ్డంకి తగ్గినట్టే. కానీ బ్యాటరీ బరువు టైర్లనూ సస్పెన్షన్‌నూ తింటుంది. బ్రేకు నొక్కకుండానే మోటారు వేగం తగ్గిస్తుంది కాబట్టి బ్రేకు డిస్కులు వాడకం లేక తుప్పు పడతాయి.

జర్మనీలో ఇలాంటి తనిఖీని కొత్త కారుకు మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి చేస్తారు. అక్కడి టీయూవీ సంస్థ ఏటా ప్రచురించే నివేదికలో, 2025 సంచికలో, రెండు మూడేళ్ల వయసు కార్లలో హోండా జాజ్ 2.4 శాతం లోపాలతో మొదటి స్థానంలో ఉంది. టెస్లా మోడల్ 3 14.2 శాతంతో ఆఖరున ఉంది. సస్పెన్షన్, బ్రేకులు, లైట్లు దాని బలహీనతలు. మామూలు కార్లలా ఏటా సర్వీసుకు తీసుకెళ్లాల్సిన పని లేదనే భరోసాతో తనిఖీ రోజు దాకా ఎవరూ కారు కింద చూడకపోవడం కూడా ఇందుకు ఒక కారణమని చెబుతారు. నాకు అది సమంజసంగానే తోస్తుంది. ఎలక్ట్రిక్ కారు కొన్నా ఏడాదికోసారి బ్రేకులు విప్పించి శుభ్రం చేయించండి.

పాత డీజిల్ కారు చవకగా వస్తోంది. తీసుకోవచ్చా?

రోజూ మోటార్‌వే మీద దూరం వెళ్లేవాళ్లకు తప్ప నేను వద్దనే చెబుతాను. డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్, డీపీఎఫ్ అంటారు, ఉంటుంది. ఊళ్లో రెండు మైళ్లు వెళ్లి ఆగే కారులో అది పూడిపోతుంది. కొందరు దాన్ని తీసేయించేవారు. ఫిల్టర్ ఉండాల్సిన చోట లేకపోతే 2014 ఫిబ్రవరి నుంచి ఎంఓటీలో ఫెయిల్. 2018 మే 20 నుంచి నియమం ఇంకా బిగించారు. ఆ ఫిల్టర్ ఉన్న కారు నుంచి ఏ రంగు పొగ కనిపించినా ఫెయిలే.

లండన్‌లో ఉండేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. 2023 ఆగస్టు 29 నుంచి నగరమంతా యూలెజ్ (ఎక్కువ పొగ వదిలే బండ్ల నుంచి డబ్బు వసూలు చేసే పద్ధతి) కిందికి వచ్చింది. సాధారణంగా 2015 సెప్టెంబరుకు ముందు రిజిస్టరైన డీజిల్ కార్లకు రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. ఎంఓటీ పాసైనా ఆ డబ్బు తప్పదు.

ఫెయిలైతే కారును ఇంటికి తీసుకెళ్లవచ్చా?

2018 నుంచి లోపాలను డేంజరస్, మేజర్, మైనర్ అని విభజిస్తున్నారు. వీటికి తోడు అడ్వైజరీలుంటాయి. మైనర్, అడ్వైజరీ ఉన్నా పాసే. మేజర్ ఉంటే ఫెయిల్. డేంజరస్ అని రాస్తే సరిచేసేవరకు ఆ కారును రోడ్డెక్కించకూడదు. మీ పాత ఎంఓటీకి ఇంకా గడువు మిగిలి ఉన్నా సరే.

మేజర్ మాత్రమే ఉండి, పాత ఎంఓటీ గడువు ఇంకా ఉంటే, కారు నడపడానికి భద్రంగా ఉన్నంతవరకు తీసుకెళ్లవచ్చు. గడువు కూడా తీరిపోతే బాగుచేయించడానికి, లేదా ముందే బుక్ చేసుకున్న ఎంఓటీకి తప్ప నడపకూడదు. గడువుకు మూడు వారాల ముందే తనిఖీకి వెళ్లమని చెప్పేది ఇందుకే.

ఖర్చెంత? రీటెస్ట్‌కు మళ్లీ కట్టాలా?

కారుకు గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు. 2010 నుంచి ఇదే. చాలా గ్యారేజీలు ఇంతకంటే తక్కువకే చేస్తాయి. ఫెయిలైన కారును అక్కడే వదిలి బాగుచేయిస్తే, పది పనిదినాల్లోపు రీటెస్ట్‌కు ఫీజు లేదు. బయట చేయించుకుని పది పనిదినాల్లోపు అక్కడికే తెస్తే పాక్షిక రీటెస్ట్, ఎక్కువలో ఎక్కువ సగం ఫీజు. కొన్ని చిన్న లోపాలకైతే మరుసటి పనిదినం లోపు తెస్తే ఏమీ కట్టక్కర్లేదు.

గ్యారేజీవాళ్లు పని దొరుకుతుందని కావాలని ఫెయిల్ చేస్తారేమోనని టెన్షన్. ఏం చేయాలి?

అనుమానం సహజమే, తనిఖీ చేసేదీ బాగుచేసేదీ ఒకరే కాబట్టి. దీనికి మంచి మందుంది. చాలా ఊళ్లలో కౌన్సిల్‌వాళ్లు తమ చెత్త లారీలు, వ్యాన్ల కోసం సొంత ఎంఓటీ కేంద్రం నడుపుతారు. అందులో మామూలు జనం కార్లు కూడా చూస్తారు. బాగుచేసే పని మాత్రం చేయరు. మీ కారు ఫెయిలైతే వాళ్లకు ఒక్క పైసా లాభం లేదు. మీ ఊరి కౌన్సిల్ పేరు, ఎంఓటీ అని వెతికితే తెలుస్తుంది.

ఫలితం తప్పని గట్టిగా అనిపిస్తే 14 పనిదినాల్లోపు డీవీఎస్ఏకి అప్పీల్ చేసుకోవచ్చు. అప్పటిదాకా ఆ భాగాన్ని మార్పించకూడదు, మారిస్తే వాళ్లు చూడటానికి ఏమీ మిగలదు. అలాగే, మీరు కొన్న కారును పాస్ చేసి ఉండకూడదని మీకు అనిపించినా ఫిర్యాదు చేయవచ్చు. తుప్పు విషయమైతే మూడు నెలల వరకు, మిగతావాటికి 28 రోజుల వరకు గడువు ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్న మనవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ.

తనిఖీకి ముందు ఇంట్లో ఏం చూసుకోవాలి?

ఒకరు సీట్లో కూర్చుని నొక్కుతుంటే ఇంకొకరు చుట్టూ తిరిగి అన్ని లైట్లూ చూడాలి: హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, బ్రేకు లైట్లు, నంబర్ ప్లేటు బల్బు. హారన్ కొట్టి చూడండి. వాషర్ నీళ్లు నింపండి. సీటు బెల్టులు పూర్తిగా లాగి చిరుగులున్నాయేమో చూడండి.

టైరు గాడి మధ్య మూడు వంతుల వెడల్పులో, చుట్టూతా, 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. లోపలి అంచు పైకి కనిపించదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూడాలి. ముందు అద్దం మీద డ్రైవర్‌కి ఎదురుగా ఉన్న భాగంలో 10 మిల్లీమీటర్లు, వైపర్ తిరిగే మిగతా భాగంలో 40 మిల్లీమీటర్లు దాటిన పగులు ఉండకూడదు. చిన్న రాయి దెబ్బను పెరగకముందే పూడిపిస్తే చాలావరకు ఇన్సూరెన్స్‌లో అయిపోతుంది. అద్దానికి వేలాడే దేవుడి బొమ్మలు, దండలు ఆ రోజుకు తీసి లోపల పెట్టండి. చూపుకు ఏదీ అడ్డం లేకుండా ఉండాలి.

ఇంజిన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లలో ఏదైనా వెలుగుతూ ఉంటే వెళ్లకండి, ఫెయిలవుతుంది. 2012 జనవరి నుంచి రోడ్డెక్కిన కార్లకు టైరు గాలి హెచ్చరిక లైటు కూడా లెక్కలోకి వస్తుంది.

ఎంఓటీ లేకుండా నడిపితే ఏమవుతుంది?

వెయ్యి పౌండ్ల వరకు జరిమానా. కెమెరాలు నంబర్ ప్లేటు చదివి పట్టేస్తాయి, పోలీసు ఆపాల్సిన పని లేదు. ప్రమాదకరమైన కారు నడిపితే 2,500 పౌండ్ల వరకు జరిమానా, లైసెన్సు మీద మూడు పాయింట్లు. ఎంఓటీ లేని కారుకు రోడ్ ట్యాక్స్ కట్టడం కుదరదు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్‌వాళ్లు ఇచ్చేది తగ్గించవచ్చు.

బెల్‌ఫాస్ట్‌లో ఉంటున్నాం. మాకూ ఇవే నియమాలా?

కొంత తేడా ఉంది. నార్తర్న్ ఐర్లాండ్‌లో మొదటి తనిఖీ నాలుగేళ్లకు. చేసేది ప్రైవేటు గ్యారేజీలు కాదు, డీవీఏ అనే ప్రభుత్వ సంస్థ తన కేంద్రాల్లోనే చేస్తుంది. అక్కడి కార్ల చరిత్ర ఆన్‌లైన్‌లో 2017 నుంచే కనిపిస్తుంది, అంతకు ముందు సంగతులకు యజమాని దగ్గర ఉన్న కాగితాలే ఆధారం. సరిహద్దు దాటి డబ్లిన్ వైపు వెళ్తే అది ఎన్‌సీటీ అనే వేరే పద్ధతి. నాలుగేళ్లకు మొదలై రెండేళ్లకోసారి, కారుకు పదేళ్లు నిండాక ఏటా.

కొన్నాక ఎంఓటీ గడువు మర్చిపోకుండా ఎలా?

ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబర్ ప్లేటు, మీ ఫోన్ నంబరు ఇస్తే గడువుకు నెల ముందు ఉచితంగా మెసేజ్ పంపుతారు. కారు కొన్న రోజే ఆ పని చేసేయండి. ఎందుకంటే పాత యజమాని పెట్టుకున్న రిమైండర్ అతనికే వెళ్తుంది, మీకు రాదు. గడువుకు నెల మైనస్ ఒక రోజు ముందు నుంచి ఎప్పుడు చేయించినా మరుసటి ఏడాది గడువు తేదీ మారదు. అంటే నవంబరు 15న తీరాల్సిన ఎంఓటీని అక్టోబరు 16న చేయించినా కొత్తది మరుసటి నవంబరు 15 వరకు చెల్లుతుంది. అంతకంటే ముందు చేయిస్తే ఆ తేదీ నుంచే ఏడాది లెక్క.